ఎడమవైపు సంచి

మోటారుసైకిలుకు సంచులు కొందామని వెళ్ళి, దుకాణంవాడి గొంతు ఎండిపోయేదాకా మాట్లాడించి, ఉత్త చేతులతో తిరిగొచ్చిన మొగుడూ పెళ్ళాలు వీళ్ళిద్దరే అయ్యుంటారు.

దుకాణంవాడి తప్పేమీ లేదు పాపం. “ఎన్నాళ్ళ ప్రయాణం? వానలో కూడా పోతారా? వెనక మేడమ్ కూర్చుంటారా?” అని నాడి పట్టుకున్న వైద్యుడిలా ఒక్కొక్కటే అడిగాడు. ముందు అల్యూమినియం పెట్టెలు దించాడు. తాళం వేసుకోవచ్చు, చుక్క నీరు దిగదు, కానీ బండి పక్కకి ఒరిగితే పెట్టెకీ నేలకీ మధ్య కాలు ఇరుక్కుంటుందని తనే చెప్పి తనే వెనక్కి పెట్టేశాడు. తరవాత మెత్తటి సంచులు చూపించాడు. అవి తేలిక, దెబ్బ తగిలినా నలిగి ఊరుకుంటాయి, అయితే పైన వాన తొడుగు వేయడం మర్చిపోయారో, చేరిన చోట బట్టలు పిండుకుంటూ కూర్చోవాలి. కుడిపక్క సంచికి సైలెన్సర్ వేడి తగలకుండా అడుగున రేకు ఉండాలి. రెండు పక్కలా బరువు సమానంగా తూగాలి. బరువైనవి అడుగున, వాన కోటు అన్నిటికన్నా పైన. ఆమె ఇదంతా వింటూనే ఒక సంచిని తిరగేసి కుట్లు పట్టి లాగుతోంటే, “అమ్మా, కొన్నాక చింపుకోండి,” అని దణ్ణం పెట్టాడు.

“నాది కుట్టుపనేనయ్యా. ఊడేదో ఊడనిదో లాగితేనే తెలిసేది,” అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. అంతదాకా బాగానే ఉంది.

అంతసేపూ అద్దంలోంచి వీధి వైపు చూస్తూ నిలబడిన మొగుడు అప్పుడు నోరు విప్పాడు. “కుడివైపుది ఒక్కటి ఇవ్వు చాలు. ఎడమవైపుది ఇంట్లో ఉంది.”

“ఒక్కటా? జతగానే అమ్ముతాం సార్. ఒంటి చెప్పు ఎవరైనా అమ్ముతారా?”

“ఒక్కటే కావాలి.”

ఆమె మొగుడి వంక తిరిగి చూసింది. ఆ ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో, ఏ గోడకి ఏ మేకు ఉందో తెలిసిన మనిషి ఆమె. ఎడమవైపు సంచి ఒకటి ఉందని పరాయివాడి ముందు మొదటిసారి విన్నది. ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్న సంచి బల్ల మీద పడేసి మొగుణ్ణి ఇంటికి బయల్దేరదీసింది.

వీళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు, అందుకని వీధిలో అందరికీ లిఫ్టాయన. తలుపులు మూసిన లిఫ్టులో ఎంతమంది ఉన్నారో పైన తాడు కదిలే తీరు చూసి చెప్పేస్తాడు. బరువు విషయంలో ఆయన పొరబడగా ఎవరూ చూడలేదు. ఆమె ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది, అందరికీ టైలరమ్మ. ఇద్దరూ నలభై దాటాక చేసుకున్న పెళ్ళి. ఆయనకి అంతకుముందు భార్య ఉండేది, పోయింది. టైలరమ్మ ఆవిణ్ణి చూసి ఎరగదు గానీ, మాట వచ్చినప్పుడల్లా “అక్క” అనే అనేది. పోయినావిడతో నాకు పోటీ ఏమిటిలే అనుకుంది మొదట్లో.

కానీ వీధిలో ఎవరిని కదిపినా ఒకటే మాట. “వాళ్ళిద్దరూ ఆ బండెక్కి తిరగని చోటు లేదమ్మా!” టైలరమ్మని మాత్రం ఆ బండి కూరగాయల మార్కెట్టు దాటించలేదు. అందుకే పట్టుబట్టింది. ఎక్కడికైనా సరే, నాలుగు రోజులు దూరం పోవాలి. ఆ వెనక సీటు తనదేనా, లేక ఇంకొకరి సీటు మీద కూర్చుని కూరగాయలు తెచ్చుకుంటోందా అన్నది తేలిపోవాలి. ఆమెకి కావలసిందల్లా అదే.

ఆ సాయంత్రం ఆయన అటక మీంచి సంచి దించాడు. ముదురాకుపచ్చ కాన్వాసు సంచి, బకిల్సన్నీ బిగించి ఉన్నాయి. లోపల నిండుగా సరుకుంది.

“కుడిది చిరిగితే పారేశాను,” అన్నాడు. “ఇది ఆవిడ సంచి. వెనక కూర్చునేవాళ్ళు ఎడమవైపు నుంచే కదా ఎక్కేది. అందుకని ఎడమది ఎప్పుడూ ఆవిడదే.”

“లోపలేముంది?”

“తెలీదు. సముద్రం ఒడ్డున లైట్‌హౌస్ చూడ్డానికి బయల్దేరాలి. సాయంత్రమే సర్దేసి గుమ్మం దగ్గర పెట్టింది. తెల్లారేసరికి జ్వరం. మరి లేవలేదు.”

“అప్పట్నించీ విప్పలేదా?”

“ఆవిడ కట్టింది నేనెట్లా విప్పను?”

టైలరమ్మకి కోపం సగంలో ఆగిపోయింది. మొగుడి మీద జాలి వేసింది. ఆ జాలి కింద ఇంకో కోపం అలాగే ఉంది. సంచి పట్టీ తిప్పి చూసింది. తెగిన చోట చేత్తో కుట్టిన కుట్టు, సన్నగా, ఒద్దికగా ఉంది. తను కూడా అంతకన్నా బాగా కుట్టలేదు. అది ఆమెని ఇంకాస్త చిన్నబుచ్చింది.

“సరే, కట్టండి,” అంది. “ఆదివారం ఒక చుట్టు తిరిగొద్దాం. బండి మోస్తుందో లేదో చూడాలిగా.”

ఆదివారం మబ్బుగా ఉంది. ఊరి బయట పెట్రోలు బంకు దగ్గర ఆగారు. ఆమె దిగి పక్కన నిలబడింది. ఆమె హెల్మెట్ పట్టీ ఒకటుంది, అది పెట్టుకోవాలన్నా తియ్యాలన్నా ఎప్పుడూ కుస్తీయే. గడ్డం కింద రెండు చేతులూ పెట్టి ఆ కుస్తీలో ఉండగానే పెట్రోలు పోయడం అయింది, ఆయన బండి మీద కూర్చుని స్టార్ట్ చేశాడు. ఒక్క క్షణం ముందుకే చూస్తూ ఆగాడు. తరవాత గేరు వేసి, మెల్లగా, వెనక మనిషి ఉన్నప్పుడు పోయినట్టు జాగ్రత్తగా రోడ్డెక్కి వెళ్ళిపోయాడు.

పెట్రోలు కొట్టే అమ్మాయి కిసుక్కున నవ్వింది. “అయ్యో ఆంటీ! అంకుల్ మిమ్మల్ని మర్చిపోయి పోయాడు!”

టైలరమ్మ కూడా నవ్వింది. ఇలాంటివి వినే ఉంది, మలుపు తిరిగేసరికి నాలిక కరుచుకుని వచ్చేస్తాడులే అనుకుంది. ఆ అమ్మాయి ప్లాస్టిక్ కుర్చీ వేసింది. మలుపు దగ్గర లారీలు వచ్చాయి, కార్లు వచ్చాయి, ఆయన రాలేదు. నవ్వు పోయి కోపం వచ్చింది, ఆ కోపమూ పోయి, కుర్చీలోంచి లేచి రోడ్డు అంచుదాకా వెళ్ళి నిలబడింది. బంకు అమ్మాయి కూడా నవ్వడం మానేసి, ఫోను చెయ్యండి ఆంటీ, అంది. చేస్తే ఆమె చేతిసంచిలోనే మోగింది. ఆయన ఫోను ఆమె దగ్గరే ఉంది.

ఎంతో సేపటికి తిరిగొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. బండి దిగకుండానే, “నువ్వు తట్టావనుకున్నాను,” అన్నాడు.

“ఏం తట్టాను?”

“సంచి మీద. రెండుసార్లు.”

అప్పుడు చెప్పాడు. బండి మీద గాలికి, హెల్మెట్టుకి నోటి మాట వినపడదు. అందుకని అక్క ఒక గుర్తు పెట్టింది. ఎక్కి సర్దుకుని కూర్చున్నాక ఎడమ సంచి మీద రెండుసార్లు తడుతుంది, అంటే పద అని. ఒకసారి తడితే ఆపమని. ఆ దెబ్బ అందితే గానీ ఆయన బండి కదిపేవాడు కాదు. ఏళ్ళ తరబడి అలాగే తిరిగారు.

“ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదే?”

“మార్కెట్టుకి పోడానికి అదంతా ఎందుకులే అనుకున్నా.”

ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో ఆయనకి తెలియదు, తెలిసే స్థితిలోనూ లేడు. టైలరమ్మ అది దిగమింగింది. “సరే, ఏదో చప్పుడయ్యుంటుంది. మరి అంత దూరం ఎట్లా పోయారండీ? సీటు ఖాళీగా ఉందని తెలియలేదా?”

ఆయన చేతులు హ్యాండిల్ మీదే ఉన్నాయి. వాటి వంకే చూస్తూ అన్నాడు.

“సీటు ఖాళీగా లేదు.”

పెట్రోలు కొట్టే అమ్మాయి ఇంకో బండి దగ్గరికి వెళ్ళిపోయింది. టైలరమ్మ సీటు వంక చూసింది.

“బరువుంది,” అన్నాడు. “గుంతల్లో బండి దిగిన తీరు నాకు తెలియదా? మోకాళ్ళు నా నడుముకి తగుల్తున్నాయి. నువ్వే అనుకుని మాట్లాడుతూనే ఉన్నా. లైట్‌హౌస్ దారి చీలే చోట ఒకసారి తట్టింది. ఆపి వెనక్కి చూస్తే ఎవరూ లేరు.”

ఇంటికి రావాలంటే ఆ బండే ఎక్కాలి, వేరే గతి లేదు. ఎక్కి కూర్చుంది. సీటు వెచ్చగా ఉంది. ఎండకి కాగిందనుకుందామంటే ఆ రోజంతా మబ్బే.

మర్నాడు ఆమెకి ఎక్కడలేని పంతం వచ్చింది. ఒక్కతే దుకాణానికి పోయి కొత్త సంచుల జత కొనుక్కొచ్చింది. అడుగున రేకు ఉన్నవి, వాన తొడుగుతో సహా. దుకాణంవాడు మురిసిపోయి, “చూశారా, చివరికి జతే కావాల్సొచ్చింది!” అన్నాడు. ఆమె నవ్వలేదు. పాతదాన్ని విప్పి అటక ఎక్కించింది. కొత్తవి రెండూ రెండు పక్కలా తనే కట్టింది. మొగుడు అడ్డు చెప్పలేదు. రండి, ఒకసారి తిప్పి చూద్దాం, అని గుమ్మం ముందు బండి ఎక్కింది.

ఆయన స్టార్ట్ చేశాడు. బండి కదల్లేదు.

“పదండి,” అంది. ఇంజను దడదడమంటూనే ఉంది. “పదండీ!” అని అరిచింది. ఎదురింటివాళ్ళు కిటికీలోంచి చూశారు. ఆయన వీపు నిటారుగా ఉంది, దేనికో ఎదురు చూస్తున్నట్టు. కాసేపటికి తల కొంచెం పక్కకి తిప్పి, ఎంతో మామూలుగా అడిగాడు.

“ఎక్కావా?”

ఆమె నిండు బరువూ ఆ సీటు మీదే ఉంది. తలుపులు మూసిన లిఫ్టులో మనుషుల్ని లెక్కగట్టే మనిషికి వెనక కూర్చున్న పెళ్ళాం బరువు తెలియలేదు.

సంచి మీద రెండుసార్లు తడితే అయిపోయేది, చెయ్యి అందేంత దూరంలోనే ఉంది. కానీ ఆమె తట్టలేదు. అది అక్క పెట్టిన గుర్తు. అది అరువు తెచ్చుకుని ఆ సీటు సంపాదించుకోవాలా? చచ్చినా తట్టదు. బండి దిగి లోపలికి పోయి, మిషను మీద తల పెట్టుకుని బాగా ఏడ్చింది. బయట ఇంజను చాలాసేపు మోగి ఆగిపోయింది.

ఏడుపు అయిపోయాక బుర్ర తేటపడింది. పాత సంచి ఉంటే ఆయన తనని వదిలేసి పోతాడు. మార్కెట్టుకి ఇన్నాళ్ళూ కదిలినవాడు, ఆ సంచి అటక దిగాక అది లేకపోతే అసలు కదలడు. ఇందులో ఆయన తప్పేముంది? ఆ మాటకొస్తే అక్క తప్పు మాత్రం ఏముంది? అన్నీ సర్దుకుని, బకిల్స్ బిగించుకుని, ప్రయాణానికి సిద్ధమై కూర్చున్న మనిషి. తీసుకెళ్ళేవాడే తీసుకెళ్ళలేదు.

ఆయన గుమ్మంలో తచ్చాడుతుంటే పిలిచింది. “ఇట్లా రండి. ఆ లైట్‌హౌస్ ఎంత దూరం?”

“రెండు రోజుల దారి.”

“అయితే అక్కడికే పోదాం. ముందు ఆవిడ ప్రయాణం అవ్వాలి. నేనూ వస్తాను.”

“నీకు భయం లేదూ?” అన్నాడు ఆయన.

“ఎందుకు లేదు, చచ్చేంత ఉంది. కానీ మిమ్మల్ని ఆవిడతో ఒంటరిగా పంపాలంటే అంతకన్నా భయం. దారి చీలే చోట ఆ ఒక్క తట్టు కూడా తట్టకపోతే మీరు వెనక్కి వచ్చేవాళ్ళా?”

ఆయన పోయి అటక మీంచి పాత సంచి దించాడు. అదే జవాబు.

ఎడమవైపు పాతది, కుడివైపు కొత్తది కట్టుకున్నారు. జతలో మిగిలిన కొత్త ఎడమ సంచి మిషను కింద గుడ్డపీలికలు వేసుకోడానికి పనికొచ్చింది. కుడిదాన్ని ఎడమదానితో సమానం చేయడానికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన రెండూ చెరో చేత్తో ఎత్తి చూసి, ఇంకొంచెం వెయ్యి, ఇంకొంచెం వెయ్యి, అంటాడు. ఇద్దరి బట్టలూ వేసింది, పనిముట్లు వేసింది, నీళ్ళ సీసాలు వేసింది. చివరికి విసుగెత్తి తన పెద్ద కత్తెర కూడా పడేసింది. “అక్క ఏం రాళ్ళు మూటగట్టుకుందా ఏమిటి!” అని పైకే అనేసి, నాలిక కరుచుకుంది. ఆయన చాన్నాళ్ళకి నవ్వాడు.

గుమ్మం ముందు ఎక్కి కూర్చుంది. ఆమె నోరు విప్పలేదు, చెయ్యీ కదపలేదు. ఆమెకేమీ వినపడలేదు. ఆయనకి అందాల్సింది అందినట్టుంది, బండి కదిలింది.

మొదటి రోజు సగం దారిలో కుండపోతగా వాన పట్టుకుంది. వాన కోట్లు తొడుక్కుని, కొత్త సంచికి తొడుగు వేసి, పాతదాని మీద ప్లాస్టిక్ కాగితం చుట్టి తాడుతో కట్టారు. గాలికి ఆమె ఎంత దగ్గరగా జరిగినా, వెనక నుంచి ఇంకెవరో ఒత్తుకుని కూర్చున్నట్టు వీపుకి చల్లగా తగులుతూనే ఉంది. తడి, అంతే, అని తనకి తనే చెప్పుకుంది. సాయంత్రం ఒక లాడ్జి దగ్గర ఆగారు. కౌంటరు దగ్గర పెద్దావిడ తాళం ఇచ్చి, మడత పెట్టిన తువ్వాళ్ళు మూడు తీసి ముందు పెట్టింది.

“ఇద్దరమేనండీ,” అంది టైలరమ్మ.

పెద్దావిడ వాళ్ళ వెనక గుమ్మం వైపు చూసింది, మళ్ళీ వీళ్ళ వైపు చూసింది. “అట్లాగా,” అని మూడోది వెనక్కి లాక్కోబోయింది. టైలరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. “ఉండనివ్వండి. ముగ్గురమే,” అంది. ఆ రాత్రి మూడో తువ్వాలు పాత సంచి మీద పరిచి, దీపం ఆర్పకుండానే పడుకుంది.

రెండో రోజు మధ్యాహ్నానికి రోడ్డు అయిపోయి సముద్రం వచ్చింది. లైట్‌హౌస్ చూడ్డానికి అంత గొప్పగా ఏమీ లేదు. సున్నం రాలిపోయిన గోడ, తుప్పు పట్టిన ఇనుప కమ్మీలు, మనిషన్నవాడు లేడు. దీనికోసమా, అనిపించింది. కానీ గాలి బాగుంది. ఆయన ఎడమ సంచి విప్పి తెచ్చి కమ్మీల పక్కన అరుగు మీద పెట్టాడు. బకిల్ మీద చెయ్యి వేశాడు గానీ విప్పలేదు.

“తప్పుకోండి,” అంది టైలరమ్మ. అరుగు మీద కూర్చుని, ఎదురుగా మనిషి ఉన్నట్టే, “అక్కా, వచ్చేశాం. విప్పుతున్నా, ఏమీ అనుకోకు,” అని తుప్పు పట్టిన బకిల్స్ ఒక్కొక్కటే విప్పింది.

అన్నిటికన్నా పైన వాన కోటు, ఎక్కడ ఉండాలో అక్కడే. దాని కింద మడతలు నలగని ఆడవాళ్ళ బట్టలు రెండు జతలు, దువ్వెన, రెండు స్టీలు గ్లాసులు. ఆ కింద అడుగు దాకా అన్నీ ఆయనవే. ఊలు చేతితొడుగులు, ఉండలు చుట్టిన మేజోళ్ళు, నడుముకి కట్టుకునే బెల్టు, ఒళ్ళునొప్పులకి రాసుకునే మందు సీసా, బండికి విడి పనిముట్ల మూట. ఆ మూట వల్లే అంత బరువు. ఎడమ సంచి ఆవిడదే అన్న మాటే గానీ, ఆవిడ మోసిందంతా మొగుణ్ణే.

ఆయన చేతితొడుగులు మొహానికి అదుముకుని, గట్టిగా, సిగ్గుపడకుండా ఏడ్చాడు. టైలరమ్మ ఆయన్ని ఏడవనిచ్చింది. తనకీ కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఈ మనిషిని ఇంతగా చూసుకున్న ఆవిడ మీద నిన్నటిదాకా ఎంత కోపం పెట్టుకుంది!

వాన కోటు పక్కన పెడదామని ఎత్తితే చేతికి తడి తగిలింది.

కింద బట్టలు పొడిగా ఉన్నాయి. గ్లాసులు, మేజోళ్ళు అన్నీ పొడి. చుట్టిన ప్లాస్టిక్ కాగితానికి చిల్లు లేదు. కోటు ఒక్కటే తడిసి ఉంది. నీటి చుక్కలు జారుతున్నాయి, మడతల్లో రోడ్డు బురద ఉంది, భుజాల మీద ఎక్కువగా, అప్పుడే విడిచి మడత పెట్టినట్టు. టైలరమ్మ మొగుడి వంక చూసింది. ఆయన చూడలేదు. చెప్పాలా అనుకుంది, చెప్పలేదు. లేచి కోటు దులిపి, గట్టిగా పిండి, కమ్మీ మీద ఆరేసింది. గాలికి ఎగిరిపోకుండా చేతులు రెండూ కమ్మీకి ముడివేసింది.

“దాన్ని ఇక్కడే వదిలేద్దాం,” అంది. “ఆవిడ చూడాలనుకున్న చోటేగా.”

ఆయన తల ఊపాడు. చేతితొడుగులు తొడుక్కున్నాడు. పనిముట్లు, మిగతావన్నీ కొత్త సంచిలో సర్ది, ఖాళీ అయిన పాత సంచిని మళ్ళీ ఎడమవైపే కట్టాడు. బరువు ఎటూ సమానంగా లేదు, మెల్లగా పోదాంలే అన్నాడు.

బండి ఎక్కి స్టార్ట్ చేశాడు. ఆమె వెనక ఎక్కింది. ఆయన వీపు ఎప్పటిలాగే నిటారుగా అయింది. ఆమెకి తెలుసు, ఆయన ఎదురు చూస్తున్నాడు. పట్టీ పెట్టుకోనీ, అప్పుడు నోటితోనే చెబుదాం, వినపడేదాకా అరుద్దాం అనుకుంది. గడ్డం కింద రెండు చేతులూ పట్టీతో కుస్తీ పడుతున్నాయి.

అప్పుడు వినపడింది. ఎడమవైపు, ఆమె మోకాలి పక్కనే, ఖాళీ సంచి మీద రెండుసార్లు, డొల్లగా. ఎవరో పక్కన నేల మీద నిలబడి, ఇక పోయిరండి అన్నట్టు.

ఆయన తల సగం తిప్పాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగనిది అడిగాడు.

“తట్టింది నువ్వేనా?”

టైలరమ్మ కమ్మీల వైపు చూడలేదు. రెండు చేతులూ ఇంకా గడ్డం కిందే ఉన్నాయి.

“నేనే,” అంది. “పదండి.”

బండి కదిలింది.